టమాటా చూపించేదాకా

ఆక్టోపస్‌కు మూడు గుండెలుంటాయి. తేనెటీగకు ఐదు కండ్లు. శుక్రగ్రహం మీద ఒక రోజు అక్కడి ఏడాది కన్నా పొడుగు. ఇవేవీ నేను అడిగి తెలుసుకున్నవి కావు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకునేలోపల నన్ను కుర్చీలో కూలేసి చెవుల్లో పోసినవి. కొలువు దిగిన మనిషికి రాత్రి ఎనిమిదిన్నరకు కావలసిందేమిటి? ఒక ఆకువక్క, ఒక సీరియలు, ఆ సీరియలు నడుమ ఒక కునుకు. మా ఇంట్లో ఆ మూడూ రద్దయ్యాయి. వాటి జాగాలో సభ వచ్చింది.

మనవరాలికి పదకొండేండ్లు, మనవడికి ఎనిమిది. ఇద్దరూ బడికి పోరు, ఇంట్లోనే చదువుతారు. 2020లో కరోనాకు బళ్లు మూసి, సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలైనప్పుడు కొడుకూ కోడలూ హైదరాబాద్‌లో కిరాయి ఇల్లు ఖాళీ చేసి, ల్యాప్‌టాప్‌లు చంకన పెట్టుకొని మా ఊరు మహమ్మద్‌నగర్ వచ్చేశారు. తర్వాత బళ్లు తెరుచుకున్నాయి. మా కోడలి మనసు మాత్రం తెరుచుకోలేదు. "అందరూ ఒక్కతీరు బట్టలేసుకొని ఒక్కతీరు జవాబు రాసుడేంది మామయ్యా" అంది. ఊళ్లో ఎవరెదురైనా నన్ను అడిగేది ఒకటే. "ఏం సారూ, ఫీజు కట్టలేకనా?" దానికి నా దగ్గర జవాబు లేదు. కోడలి దగ్గర ఉంది గాని, దానికి ఏడు నిమిషాలు పడుతుంది.

చట్టం సంగతి తీసి చూశాను. 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం, ఆరు నుంచి పద్నాలుగేండ్ల పిల్లలకు చదువు చెప్పే బాధ్యత సర్కారు నెత్తిన పెట్టింది. ఇంటి చదువు ముచ్చట అందులో ఎక్కడా లేదు. "వద్దనలేదు గదా మామయ్యా" అంటుంది కోడలు. "మంచిదని గూడ అనలేదు గదమ్మా" అంటాను నేను. "పద్నాలుగేండ్లు నిండినంక ఎన్ఐఓఎస్ ఓపెన్ స్కూల్ల పదో తరగతి రాస్తరు. 1989 నుంచి ఉన్న సంస్థ అది, మనం కొత్తగ పుట్టిచ్చింది కాదు" అంటుంది. అక్కడికీ నేను ఊరుకోకపోతే నైనా జైస్వాల్ పేరు తీస్తుంది. హైదరాబాద్ పిల్ల. ఇంట్లోనే చదివి ఎనిమిదేండ్లకు పదో తరగతి, పదమూడేండ్లకు డిగ్రీ గట్టెక్కింది. పైగా టేబుల్ టెన్నిస్‌లో దేశం తరఫున ఆడింది. వేదికలెక్కి ఉపన్యాసాలు కూడా ఇస్తుంది. ఆ పేరు రాగానే నేను చల్లబడతాను. మా వాడికీ ఎనిమిదేండ్లే. వాడింకా ఏ చెప్పు ఏ కాలిదో తేల్చుకోలేదు.

సభ ఎందుకంటే, బడికి పోయే పిల్లలకు పొద్దున ప్రార్థన ఉంటుంది, ఆగస్టు 15కు ఉపన్యాసం ఉంటుంది, ఎక్కడో ఒకచోట నలుగురి ముందు నిలబడే మోకా వస్తుంది. వీళ్లకది లేదు. భయం పోవాలంటే సభ కావాలి. సభకు జనం కావాలి. జనమంటే మేమే. నేను, మా ఆవిడ, మా అవ్వ, కొడుకు. కొడుకు సగం రోజులు "కాల్ ఉంది" అని తప్పించుకుంటాడు. నాకు ఎవరి కాలూ రాదు.

కోడలు కొలువు చేసే చోట టోస్ట్‌మాస్టర్స్ అని ఉపన్యాసాల సంఘం ఒకటి ఉండేదట. కాలిఫోర్నియాలో శాంటా ఆనా అనే ఊళ్లో రాల్ఫ్ స్మెడ్లీ అనే ఆయన 1924లో, వైఎంసీఏ భవనం నేలమాళిగలో మొదలుపెట్టిన సంఘం. ఆయన కుర్రాళ్లకు మాట్లాడటం నేర్పితే నేర్పాడు, నూరేండ్ల తర్వాత నిజాంసాగర్ పక్కన ఒక ముసలోడి నిద్ర దాని మీద ఆధారపడుతుందని కలగన్నాడా? ఆ సంఘంలో పద్ధతులున్నాయి. మాట్లాడేవాడికి ఐదు నిమిషాలు కాగానే పచ్చ దీపం, ఆరుకు పసుపు, ఏడుకు ఎరుపు చూపించాలి. మా ఇంట్లో దీపాలు లేవు. అందుకని పచ్చిమిరపకాయ, నిమ్మకాయ, టమాటా. వంటగది మా ఆవిడ ఇలాకా కాబట్టి కాలం చూసే కొలువు ఆమెకు పడింది. ఒళ్లో మూడూ పెట్టుకొని, గడియారం చూసుకుంటూ కూర్చుంటుంది. నిద్రమత్తులో ఒక్కోసారి నిమ్మకాయ ముందు లేపుతుంది. అప్పుడు మనవడు ఉపన్యాసం ఆపి, "నానమ్మా, మిరపకాయ ఏది?" అని అడుగుతాడు. ఆమె వెతుక్కుంటుంది. ఆ వెతుకులాట ఏడు నిమిషాల్లో కలపరు. 2023 జూలైలో టమాటా కిలో నూరు దాటింది గుర్తుందా? మళ్లీ అట్లా అయితే ఈ సభలకు అంతం అనేది ఎట్లా వస్తుందో నాకు తెలియదు.

నాకూ ఒక కొలువు ఇచ్చారు. మాట్లాడేవాళ్లు "అంటే", "మరి", "ఏందంటే" అని నసిగినప్పుడల్లా గిన్నెలో ఒక శనగగింజ వెయ్యాలి. నేను నిద్రపోకుండా ఉండటానికే ఈ కొలువు పుట్టించారని నాకు తెలుసు. ఉపన్యాసం అయ్యాక గింజలు లెక్కపెట్టి ప్రకటించాలి. మొదటి రోజు మనవరాలి లెక్క రెండు అని చెప్పాను. "తాతా, నేనే పది సార్లు అన్న" అని ఆ పిల్లే పట్టుకుంది. శనగలు వేయించినవి. అది ఏర్పాటు చేసినవాళ్లు చూసుకోవలసిన సంగతి.

వినడం ఒక్కటే అయితే భరించవచ్చు. చివర ఫీడ్‌బ్యాక్ ఇవ్వాలి. "మంచిగ చెప్పినవ్ బిడ్డా" అంటే చెల్లదు. ఏది మంచిగుంది, ఎందుకు మంచిగుంది, ఏది మార్చుకోవాలి, ఇవి విడివిడిగా చెప్పాలి. సర్కారు కొలువులో ఏండ్లకేండ్లు ఫైళ్ల మీద "చూశాను" అని సంతకం పెట్టి బతికిన మనిషిని నేను. ఆక్టోపస్ మీద నా అభిప్రాయం ఏముంటుంది?

అన్నిటికన్నా చివర శాలువా.

శాలువా గురించి ఇక్కడ రెండు ముక్కలు చెప్పుకోవాలి. తెలుగు గడ్డ మీద మైకు లేకుండా సభ జరగవచ్చు, జనం లేకుండా జరగవచ్చు, శాలువా లేకుండా జరగదు. కొలువులో చేరితే శాలువా, బదిలీ అయితే శాలువా, దిగిపోతే శాలువా. బడికి ఒక సీలింగ్ ఫ్యాను ఇప్పిస్తే, ఆ ఫ్యాను కిందనే చెమటలు కారేట్టు శాలువా. మే నెల, బయట నలభై డిగ్రీలు, టెరికాటన్ చొక్కా, దాని మీద చలిదేశపోళ్లు కప్పుకోవలసిన గుడ్డ. కప్పించుకున్నవాడు నవ్వాలి. ఫొటో తీసేవాడు "సార్, ఇంకోపారి" అంటాడు. తీసి మళ్లీ కప్పుతారు. శాలువా భుజం మీద ఉండే కాలం ఫొటో క్లిక్కుమనేదాకానే. తర్వాత మడత, ఒడి, ప్లాస్టిక్ కవరు, బీరువా.

నేను దిగిపోయిన రోజు వచ్చిన శాలువాలతో మా ఆవిడ ఒక అర నింపింది. అప్పటి నుంచి వాటికి పని వెతుకుతూనే ఉంది. ఒకటి టీవీ మీద కప్పింది, జారిపోయింది. ఒకటి వానాకాలం కూలర్‌కు చుట్టింది, లోపల ఎలుక కాపురం పెట్టింది. ఒకటి ఇస్త్రీ చేసే బల్ల మీద పరిచింది, అంటుకుంది. మిక్సీకొకటి, కుట్టుమిషన్‌కొకటి, ఆవకాయ జాడీకొకటి. ఆఖరికి కూరగాయలమ్మే ఆమెకు ఒకటి దానం చేసింది. వారం తిరగకముందే ఆమె దాన్ని మడతపెట్టుకొని వాపసు తెచ్చింది. "అమ్మా, ఇది సలి ఆపది, నీళ్లు పీల్చది, మూట గడితే జారిపోతది. దీన్ని ఏం జేస్కోవాలె?" సన్మానం అనే ప్రక్రియ మీద ఇంతకన్నా నిఖార్సయిన విమర్శ నేను ఏ పత్రికలోనూ చదవలేదు.

అదే గొంగడి ఉందనుకోండి. మన దక్కన్ నల్లగొర్రె ఉన్నితో కురుమలు నేసింది. పరుచుకుంటే పరుపు, కప్పుకుంటే దుప్పటి, నెత్తిమీదుగా వేసుకుంటే వానకు గొడుగు. పదేండ్లయినా చిరగదు. కాస్త గుచ్చుకుంటుంది, నిజమే. గౌరవం అన్నాక ఆ మాత్రం గుచ్చుకోవాలి కూడా. కాని గొంగడిని రాజకీయ నాయకులకే కప్పుతారు, అదీ ఓట్ల ముందర, చేతిలో ఒక గొర్రెపిల్లను పెట్టి. ఆ గొర్రెపిల్లకు ఎవరూ ఏమీ కప్పరు. ఉన్ని ఇచ్చేది దాని జాతే.

శాలువాకు ఇంకో గుణముంది. అది ఎవరి దగ్గరా నిలవదు, పాత నోటులాగా చేతులు మారుతూనే ఉంటుంది. మనకొచ్చింది మనం ఇంకొకరికి, వాళ్లు మరొకరికి. ఒక గృహప్రవేశంలో పెద్దమనిషినని నాకూ ఒకటి కప్పితే, ఇంటికొచ్చి మా ఆవిడకు ఇచ్చాను. ఆమె అంచు తిప్పి చూసి, "ఇది మనదే. ఈ పసుపు మరక నా చెయ్యిదే" అంది. మా ఇంట్లోంచి బయలుదేరి, ఎన్ని భుజాలు తిరిగొచ్చిందో, ఎందరిని మహనీయులను చేసి వచ్చిందో! బాన్సువాడ, ఎల్లారెడ్డి, కామారెడ్డి అన్నీ చూసే ఉంటుంది. నాకన్నా దానికే లోకజ్ఞానం ఎక్కువ. దానితోనే ఉపన్యాసం ఇప్పించవచ్చు.

సరే, సభ. ఆ బీరువా అర మా మనవడి కంటపడింది. ఆనాటి నుంచి రోజుకొకరికి సన్మానం. నాకు కప్పారు, మా ఆవిడకు కప్పారు, కాల్‌లో ఉన్న కొడుక్కు వెనక నుంచి వెళ్లి కప్పారు. మా అవ్వకు తొంభై దగ్గరపడ్డాయి. ఆమె నులక మంచం మీద కండ్లు మూసుకొని ఉండగా వాడు మెల్లగా మెడదాకా కప్పాడు. ఆమె ఉలిక్కిపడి లేచింది. "ఇంక బతికే ఉన్న గదరా! అప్పుడే కప్పుతుండ్రేంది?"

ఇవి చాలవన్నట్టు వాడి పుట్టినరోజుకు ఎవరో బ్లూటూత్ మైకు ఇచ్చారు. నాలుగు గోడల మధ్య, నాలుగు అడుగుల దూరంలో ఉన్న నలుగురికి మైకులో చెబుతాడు. నేను మళ్లీ చట్టం తీశాను. 2000 సంవత్సరం నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం ఇండ్లుండే చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. కోడలికి చూపించాను. చదివి, "రాత్రి అంటే పది గంటల నుంచి అని రాసింది మామయ్యా. ఇప్పుడు తొమ్మిదే" అంది. ఆమె కూడా ఇంట్లోనే చదువుకుందేమోనని అనుమానం వచ్చింది.

నవ్వులాటకు చెబుతున్నాను గాని, నాకు నిజంగా కష్టంగా ఉన్న సంగతి వేరే ఉంది. ఈ పిల్లలు పగలు నాతో మాట్లాడటం మానేశారు. "ఏం చదివినవ్ బిడ్డా?" అంటే, "రాత్రి చెప్త తాతా, ఇప్పుడు చెప్తే సస్పెన్స్ పోతది" అంటారు. తెలిసిందల్లా రాత్రికి దాచిపెడుతున్నారు. మా చిన్నప్పుడు బడిలో ఒకడు ఉపన్యాసం ఇస్తుంటే నలభై మందిమి గుసగుసలాడేవాళ్లం. నాకు వచ్చిన చదువులో సగం ఆ గుసగుసల్లోదే. వీళ్లకు నిలబడి మాట్లాడటానికి వేదిక ఉంది, కూర్చొని గుసగుసలాడటానికి పక్కన మనిషి లేడు. అక్క తర్వాత తమ్ముడు, అంతే. ఒక ఆదివారం వాడకట్టు పిల్లలను పిలిచి కూర్చోబెట్టాం. మనవరాలు తేనెటీగ కండ్ల గురించి చెప్పి, "ఏమన్న ప్రశ్నలున్నయా?" అంది. ఒక్క చెయ్యి లేచింది. "ఎప్పుడైపోతది? ఆడుకుందామా?" ఆ వారం వచ్చిన అన్ని ఫీడ్‌బ్యాకుల్లోకి అదే మంచిదని నా ఉద్దేశం. వెంటనే అందరూ ఉరికి ఆడుకున్నారు కూడా.

మొన్న మనవరాలి అంశం నిజాంసాగర్. బాగా తయారైంది. అట్ట మీద బొమ్మ గీసింది. 1923లో పని మొదలై 1931లో పూర్తయిందని, అచ్చంపేట, బంజెపల్లి ఊర్ల నడుమ మంజీరకు అడ్డంగా కట్టారని, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలమని, ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ అని గడగడా చెప్పుకొచ్చింది. మంజీర మహారాష్ట్రలో బాలాఘాట్ గుట్టల్లో పుట్టి, ఇంత దూరం వచ్చి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుందని స్కేలుతో చూపించింది. పైన సింగూరు కట్టాక ఇక్కడికి నీళ్లు ఎట్లా తగ్గాయో చెప్పింది. ఒక్క "ఏందంటే" లేదు. నా గిన్నె ఖాళీ, నా నోరూ ఖాళీ.

నడుమ నడుమ మా అవ్వ మాత్రం ఊరుకోలేదు. "మీ ముత్తాత గీ కాలువ మీదనే లష్కర్ చేసిండు", "నీళ్లిడిసిన్నాడు ఊరంత గట్టు మీదనే ఉంటుండె", "గా అట్ట మీద చేపలు గియ్యకపోతివి?" అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి అని ఒకరుంటారు. అవధాని ధ్యాస చెడగొట్టడానికి సంబంధం లేని ప్రశ్నలేస్తూ ఉంటారు. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి అంతటి జంటకవులు కూడా ఆ పోరు పడ్డవాళ్లే. వాళ్లకు ఆ మనిషి సభ ఉన్న రోజే. మాకు ఇరవై నాలుగు గంటలూ మంచం మీదనే. మనవరాలు తొణకలేదు. "తాతమ్మా, ప్రశ్నలు చివర్ల" అని ముందుకు సాగింది.

చివరికి వచ్చేసరికి, "నలభైకి పైగా ఊర్లు ఖాళీ చేయించారు" అని ముగించి, "ఈ విషయం మీద ఎవరన్న మాట్లాడతారా?" అని అడిగింది. సభల్లో అడిగే మాట. ఎవరూ మాట్లాడరనే ధైర్యంతో అడుగుతారు. మా అవ్వ మంచం మీద లేచి కూచుంది.

"మా అవ్వ తల్లిగారి ఊరు గండ్లనే పోయింది బిడ్డా" అంది.

నాకు తెలియదు. మా ఆవిడకు తెలియదు. ఆమె చెప్పుకుంటూ పోయింది. "నేనప్పటికి పుట్టలే. మా అవ్వ చెప్తుండె. దర్వాజలు పీకిండ్రట, దూలాలు పీకిండ్రట. ఇసుర్రాయి బండ్లెకు ఎక్కిచ్చిండ్రు. కోళ్లను గంపల కింద కప్పిండ్రు. అన్ని తెచ్చుకున్నరు. బాయిని ఎట్ల తెస్తరు బిడ్డా? చింతచెట్టును ఎట్ల తెస్తరు? మా అవ్వ నన్ను కట్ట మీదికి తీస్కపోయి, నీళ్లను చూపిచ్చి, గాడ మా ఇల్లు, గాడ మా బాయి అంటుండె. నాకు నీళ్లే కనపడుతుండె. ఊఁ అంటుంటిని. గా బాయి నీళ్లు ఎట్లుంటుండెనంటే..."

మా ఆవిడ టమాటా లేపింది.

ఆమె తప్పేమీ లేదు, ఏడు నిమిషాలు నిండాయి. పిల్లలు పద్ధతి ప్రకారం చప్పట్లు కొట్టారు. మనవడు శాలువా తెచ్చి కప్పాడు. అవ్వ టమాటా వంక చూసి, "మెత్తవడ్డది, రేపు పప్పుల ఏసుకోండ్రి" అని పక్కకు ఒత్తిగిలింది. నేను తర్వాత మంచం దగ్గరికి వెళ్లి, "అవ్వా, ఆ బాయి నీళ్లు..." అన్నాను. "అయిపోయింది గదరా" అంది.

ఆమె తొంభై ఏండ్లకు దగ్గరగా మాట్లాడుతూనే ఉంది. ఉప్పు ఎక్కువైందని, బర్రె పాలు ఇవ్వలేదని, ఫలానా వాళ్ల బిడ్డకు సంబంధం కుదిరిందని. అవన్నీ విన్నాం. ఇది మాత్రం ఎవరమూ అడగలేదు, అడగడానికి ఇట్లాంటిదొకటి ఉందనే తెలియదు. పెద్దలు మాట్లాడుతుంటే నడుమ నోరెత్తకూడదని మమ్మల్ని పెంచారు. నోరెత్తలేదు. అడగాలంటే కూడా నోరెత్తాలని మాకు చెప్పినవాళ్లు లేరు. మా నాయన లష్కర్. తూము ఎత్తడం, దించడం, రాత్రిపూట కాలువ గట్టున నడవడం, ఆయనకు తెలిసిందంతా ఆయనతోనే పోయింది. ఆయన ముందర అట్ట పట్టుకొని నిలబడి, "ఈ విషయం మీద ఎవరన్న మాట్లాడతారా?" అని అడిగే పదకొండేండ్ల పిల్ల ఆ ఇంట్లో అప్పుడు లేదు.

అందుకని నేను సభను ఒప్పుకున్నానని కాదు. రేపటి అంశం దోమ. దోమ మీద ఏడు నిమిషాలు వినే ఓపిక నాకు లేదు, రాత్రంతా వింటూనే ఉంటాను. ఒక్క కోరిక మాత్రం కోరాను. అవ్వ మాట్లాడే రోజు మిరపకాయ, నిమ్మకాయ, టమాటా మూడూ వంటింట్లోనే ఉండాలని. నిర్వాహకులు ఇద్దరూ పక్కకు వెళ్లి చర్చించుకొని వచ్చారు. అట్లా ఒకరికి మినహాయింపు ఇస్తే అందరూ అడుగుతారట, కాగితం మీద రాసి ఇమ్మన్నారు. రాసి ఇచ్చాను. మనవడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మూలకు "చూశాను" అని రాసి సంతకం పెట్టాడు.